పైనున్న మాట

అతన్ని అందరూ మెరుపు అనేవారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ, అది ఆసుపత్రి లాండ్రీలో మెడకు వేలాడే కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనికొచ్చినట్టు లేదు. ఆ కార్డునైనా అతను ఎప్పుడూ తిరగేసే వేసుకునేవాడు. మెరుపు అన్న పేరు అతని రెండు బొటనవేళ్ళు తెచ్చిపెట్టినది. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు వెనకగదిలో, పాత టీవీ ముందు కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిస్తే, ఆ వేళ్ళు ఏ మీట ఎప్పుడు నొక్కుతున్నాయో పక్కవాడి కంటికి ఆనేది కాదు. తెరమీద మాత్రం తెలిసేది. నల్లగొడుగు పట్టుకున్న మనిషి రౌడీల గుంపులో నిలబడి, గొడుగు మడిచి ఒకడి మోకాలి మీద, విప్పి ఇంకొకడి మొహం మీద, తిప్పి మరొకడి మెడ మీద కొట్టుకుంటూ పోయేవాడు. అతని కోటు మీద ఒక్క దెబ్బ పడేది కాదు.

ఆ బొటనవేళ్ళకు ఇంకో చరిత్ర కూడా ఉంది. మెరుపు చదువుకోలేదు. పెద్ద చదువులు చదవలేదని కాదు నేననేది, పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు. లాండ్రీలో చేరేదాకా ఎక్కడ కాగితం పెట్టినా వేలిముద్రే వేశాడు. ఆ తర్వాత భార్య నేర్పితే సంతకం అనే బొమ్మ ఒకటి గీయడం వచ్చింది. అందులో ఏ గీత ఏ అక్షరమో అతనికి తెలియదు. ఈ సంగతి భార్యకు తప్ప ఇంకో పురుగుకు తెలియకుండా నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. దానికోసం పడ్డ పాట్లలో సగం చదువు మీద పడి ఉంటే ఈపాటికి ఏ లాయరో అయి కూర్చునేవాడు.

చిన్నప్పుడు బడికి వెళ్ళకపోలేదు. తండ్రి తాపీ పనివాడు. ఎక్కడ మేడ లేస్తుంటే అక్కడే కాపురం, మేడ పూర్తి కాగానే మూటాముల్లె సర్దుకోవడం. కొత్త బడిలో వాళ్ళు పాత బడిలో అక్షరాలు వచ్చేసి ఉంటాయనుకుని పాఠాల్లోకి దూకేవారు. వీడు పక్కవాడు చదివింది చెవిన వేసుకుని పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. ఆ చెవి చురుకే కొంప ముంచింది. కాస్త మొద్దబ్బాయి అయి ఉంటే ఏ మాస్టారో పట్టుబట్టి ఓనమాలు దిద్దించేవారు.

పెద్దయ్యాక చెవికి కన్ను తోడైంది. లోకాన్ని రంగును బట్టి, చోటును బట్టి గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నాడు. లాండ్రీలో ఎర్రసంచిలో వచ్చిన దుప్పట్లు చేతికి తగలకుండా మరిగే నీళ్ళలోకి పోవాలి, పచ్చసంచివి మామూలు నీళ్ళలోకి, నీలం సంచివి ఆపరేషన్ గదివి, వాటి జోలికి పెద్ద మేస్త్రి తప్ప ఎవరూ పోకూడదు. రంగు లేని చోట చోటు చెప్పేది. మూడో స్తంభం దగ్గర ఆగేది తన బస్సు, కిటికీ పక్క కొక్కేనికి వేలాడేది తన చొక్కా. రంగూ చోటూ రెండూ ఒకటే అయి ఒకేలాంటివి రెండు ఎదురైతే ఒకదాని మీద గోటితో గాటు పెట్టేవాడు. సబ్బుపొడి డబ్బా, తాళంచెవి, అన్నం డబ్బా, అన్నిటి మీదా అతని గోటి గాట్లే. ఎవరైనా కాగితం చేతికిచ్చి చూడమంటే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని అనేవాడు. అతనికి కళ్ళజోడు లేనే లేదు.

అలాంటివాడికి ఆ వెనకగది ఎందుకంత ప్రాణమైందో చెప్పాలి. షాపు అతని చిన్ననాటి స్నేహితుడిది. అతన్ని వీధంతా షాపాయన అంటుంది కాబట్టి మనమూ అలాగే అందాం. ఎవరో ఒక ఆటపెట్టె బాగుచేయమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించలేదు. అందులో ఇరుక్కుపోయిన డిస్కు నల్లగొడుగు మొదటి భాగం. జపాన్ వాళ్ళ ఆట అది. ఎప్పుడూ వాన కురిసే ఊళ్ళో గొడుగులు బాగుచేసుకుంటూ, ఎవరినో వెతుక్కుంటూ తిరిగే మనిషి కథ. ఆ కంపెనీ ఇరవై ఏళ్ళుగా భాగం మీద భాగం తీస్తూనే ఉంది, వీళ్ళు ఆడుతూనే ఉన్నారు. తెరమీద మాటలన్నీ జపాన్ అక్షరాల్లో ఉండేవి. అవి షాపాయనకు రావు. ప్రతి ఆదివారం వచ్చే స్కూలు బస్సు డ్రైవరన్నకు రావు. ఎవరికీ రావు. బుద్ధెరిగాక మెరుపు పదిమందితో సమానంగా కూర్చున్న చోటు అదొక్కటే.

సమానం కూడా కాదు, ఒక మెట్టు పైన. అక్షరం రానివాడు మనుషుల మొహాలు చూసే బతకాలి. తెరమీద బొమ్మల మొహాలు చూసి మెరుపు కథ అల్లి చెప్పేవాడు. మూడో భాగంలో రేవు దగ్గర ఒక ముసలావిడ గొడుగాయనకు ఎదురొచ్చి, చేయి చాపి, ఏదో అంటుంది. అతను తన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి వానలో నడిచి వెళ్ళిపోతాడు.

"వాళ్ళమ్మ రా," అన్నాడు మెరుపు ఆ రోజు. "చిన్నప్పుడు వదిలేసి పోయిన అమ్మ. క్షమించలేకపోయాడు, అట్లాగని తడవనివ్వనూ లేదు."

డ్రైవరన్న కంట్లో ఏదో పడిందని బయటికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. ఆ తర్వాత కథ ఎవరు అడిగినా మెరుపు చెప్పిందే కథ.

ఇక చెప్పడానికి మనసొప్పని సంగతి ఒకటుంది. షాపాయన తల్లి షాపు మీది గదిలో ఉండేది. చూపు ఆనని పెద్దావిడ. కొడుకు కంటే రెండు నెలలు ముందు పుట్టాడని మెరుపును పెద్దోడా అని పిలిచేది. ఆదివారం ఆట మొదలుపెట్టేముందు ఇతను పైకెళ్ళి, కాసేపు ఆవిడ కాళ్ళు పట్టి దిగేవాడు. ఆవిడకు రెండు రకాల మాత్రలు. పగలు వేసేవి గుండెకు, అవి పసుపు మూత సీసాలో ఉండేవి. రాత్రి వేసేవి నిద్రకు, వాటిది నీలం మూత.

ఏడాదిన్నర కిందట ఒకరోజు షాపాయన సామాను తేవడానికి పొరుగూరు వెళ్తూ మెరుపును తల్లి దగ్గర కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర వెయ్యాలి, అంతే పని. ముందురోజే మందులు కొత్తగా తెచ్చారు. మధ్యాహ్నం మెరుపు అలమర తీసి చూస్తే సీసాలు రెండూ ఒకే అచ్చు, మూతలు రెండూ తెలుపు. ఫోన్ చేశాడు.

"చీటీ అంటించి రాయించాను కదరా," అన్నాడు షాపాయన రద్దీలోంచి. "పగలు అని ఉన్నది వెయ్యి," అని పెట్టేశాడు.

నిజమే, మందుల షాపువాడు ఒకదాని మీద పగలు అనీ, ఇంకోదాని మీద రాత్రి అనీ ఇంతింత అక్షరాలతో రాసిచ్చాడు. అంతకంటే తేటగా ఎవరూ రాయలేరు. మెరుపు రెండు సీసాలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. మెట్లు దిగితే పక్కన బేకరీ ఉంది, అందులో చదువొచ్చినవాళ్ళు నలుగురున్నారు. ఇది చదివి పెట్టండి అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నోరు రాలేదు. మాటలు పడటం కాదు అతని భయం, వాళ్ళు నవ్వుకుంటారేమోనని. నేను అతని తరఫున వాదించడం లేదు, జరిగింది చెబుతున్నాను. ఆవిడ "పెద్దోడా, మాత్ర టైమైందేమో చూడు" అంది. ఒక సీసా తీసి మాత్ర వేశాడు. సాయంత్రం కూడా అందులోంచే వెయ్యాలి కాబట్టి, అలవాటు కొద్దీ ఆ చీటీ మూల గోటితో కాస్త చింపి గుర్తు పెట్టాడు. సాయంత్రమూ అదే వేశాడు. రాత్రి కొడుకు వచ్చి రాత్రి మాత్ర తనే వేశాడు. పొద్దున ఆవిడ లేవలేదు.

డాక్టరు వచ్చి, వయసు మళ్ళిన గుండె, నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు అన్నాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తల్లి చేతి వస్తువు పారేయడానికి మనసు రాక షాపాయన ఆ రెండు సీసాల్లో ఫోన్లకు వేసే సన్నమరలు పోసి పనిబల్ల మీద పెట్టుకున్నాడు. మెరుపు ప్రతి ఆదివారం వాటి పక్కనుంచే వెనకగదిలోకి నడవాలి. తను ఏ సీసాలోంచి వేశాడో అతనికి బాగా తెలుసు. మూల చిరిగిన చీటీ దూరం నుంచి కూడా కనిపించేది. దాని మీద ఏం రాసుందో మాత్రం తెలియదు. ఫోన్‌తో ఫొటో తీసి భార్యకు చూపిస్తే చిటికెలో చెప్పేది. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా తీయలేదు. తనకు చదువు రాదని షాపాయనకు తెలిసిన రోజున, ఆ మధ్యాహ్నం సంగతి కూడా అతనికి తట్టకుండా ఉండదని మెరుపుకు తెలుసు. అందుకే ఆ గుట్టు ఇంతకు ముందు సిగ్గుగా ఉండేది, ఆవిడ పోయాక గుండెల మీద కుంపటైంది.

అలా ఉండగా ఎనిమిదో భాగం కబురు వచ్చింది. గొడుగు కింద అనే పేరుతో ఫోన్లలో వీళ్ళ అభిమానుల గుంపు ఒకటుంది, ఎక్కడెక్కడి వాళ్ళో అందులో ఉన్నారు. ఆ పొద్దున గుంపు కందిరీగల తుట్టెలా లేచింది. కారణాలు రెండు. ఇన్నేళ్ళూ కొట్లాటగా ఉన్న ఆట ఈసారి వంతులాట అయిపోయింది. నువ్వొక దెబ్బ కొట్టాలి, ఆగాలి, ఎదుటివాడు కొడతాడు, పడాలి, మళ్ళీ నీ వంతు. ఏం చెయ్యాలో తెరమీద మాటలు వరసగా వస్తాయి, వాటిలో ఒకటి ఎంచుకుని నొక్కాలి. రెండోది, ఆ మాటలు మొట్టమొదటిసారి మన భాషలో, మన అక్షరాల్లో రాబోతున్నాయి. రెండో సంగతికి అందరూ గంతులేశారు. మొదటిదానికి కొట్టుకున్నారు.

"బస్సు నడిపేవాడికి తోపుడుబండి ఇచ్చినట్టుంది," అన్నాడు డ్రైవరన్న.

"గొడుగాయనకు కీళ్ళనొప్పులేమో అన్నా, పాపం ఒక దెబ్బ వేసి కాసేపు కూర్చుంటున్నాడు," అన్నాడు ఇంకెవరో.

వంతులాట తరఫున గట్టిగా మాట్లాడింది ఒక టైలరమ్మ. "మీకేం, తీరిగ్గా ఆడతారు," అంది. "నేను ఒక రౌడీని కొడుతుంటే జాకెట్టు కొలతలకి ఎవరో ఒకరు పిలుస్తారు. వెళ్ళొచ్చేసరికి గొడుగాయన చచ్చి పడుంటాడు. ఇప్పుడు ఆ రౌడీ నాకోసం ఆగుతాడు. మా ఆయనే ఎప్పుడూ ఆగలేదు నాకోసం."

గుంపులో వచ్చే రాతలు మెరుపుకు భార్య చదివి వినిపించేది, తను ఎప్పుడూ రాసేవాడు కాదు, గొంతు పంపేవాడు. రాయడమంటే బద్ధకం అనుకునేవారు. ఈసారి అతని గొంతు నిప్పులు కక్కింది. "కొట్టేవాడు అడిగి కొడతాడా? కొట్టమంటారా, ఆగమంటారా, సంచిలో మందు తీసుకోమంటారా అని రౌడీ ముందు నిలబడి ఆలోచిస్తే అది కొట్లాటా, కూరగాయల బేరమా? నాకు చేతులున్నాయి, చేతులతో ఆడతాను. చేతులు చేసే పని నోటికి అప్పజెబితే నేను ఒప్పుకోను." ఈ ముక్క ఆ గుంపు దాటి ఇంకో గుంపుకు, అక్కణ్ణించి ఇంకో గుంపుకు పాకిపోయింది. కొట్టేవాడు అడిగి కొడతాడా అన్నది అందరి నోళ్ళలో నానింది. అతని కోపం వంతుల మీద కాదని, మాటల మీదని ఒక్కడికీ తోచలేదు.

ఆ పేరే అతని మెడకు చుట్టుకుంది. టైలరమ్మ గుంపులో, "సరే మెరుపన్నా, ఆట వచ్చిన రోజు నువ్వే ఆడి చూపించు. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిన కథ విన్నాం, ఈసారి మేమే చదువుకుంటాం," అంది. షాపాయన ఉబ్బితబ్బిబ్బై, ఆదివారం మధ్యాహ్నం రండి, మావాడు ఆడతాడు, టీ ఖర్చు నాది అని ప్రకటించేశాడు. మెరుపు ఇరుకున పడ్డాడు. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, వెళితే అక్షరాల ముందు కూర్చోవాలి.

భార్య బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు సర్దే పని చేస్తుంది. మాత్రల సంగతి ఆమెకూ తెలియదు. ఆడకపోతే పరువు పోతుందన్న బాధే అనుకుని, కంపెనీ ముందుగా వదిలిన చిన్న వీడియోను ఆపి ఆపి చూసి, అందులోని నాలుగు మాటలూ వంటగది తలుపు మీద సుద్దముక్కతో రాసింది. కొట్టు, కాచుకో, సంచి, పారిపో.

"కొట్టు పైనుంది కదా. పైది నొక్కితే చాలు," అన్నాడు అతను.

"చోటు కాదండీ, అక్షరం గుర్తుపెట్టుకోండి. రేపు వాళ్ళు చోటు మారిస్తే?"

"ఇరవై ఏళ్ళుగా మా బస్సు మూడో స్తంభం దగ్గరే ఆగుతోంది."

"నాకోసం ఒక్కటి నేర్చుకోండి," అని ఆమె పారిపో అన్నదాని మొదటి అక్షరం చుట్టూ సున్న చుట్టింది. "ఇది కనబడితే నొక్కకండి. అంతే."

అతను తల వంచి చూశాడు. "మూతి కట్టని సంచిలా ఉంది," అన్నాడు. లాండ్రీకి అలా కట్టకుండా పంపితే పెద్ద మేస్త్రి తిడతాడు. ఆమె నవ్వి, "ఆ, అదే. ప. పైనున్న వంపు దీర్ఘానిది, దాన్ని వదిలేయండి," అంది. అతనికి నలభై దాటాక వచ్చిన మొదటి అక్షరం అది. మిగతావి కూడా నేర్పుతానంటే నిద్రొస్తోందని లేచిపోయాడు.

ఆదివారం వెనకగదిలో కుర్చీలు చాలక డ్రైవరన్న బస్సులోంచి సీటు ఒకటి ఊడదీసుకొచ్చాడు. టైలరమ్మ మెడలో కొలత టేపుతోనే వచ్చింది. గుంపులోని వాళ్ళు ఇంకో నలుగురు గోడకు ఆనుకున్నారు. టంకం వాసన, పాత ఫ్యాను కిర్రుమనే చప్పుడు. మెరుపు పనిబల్ల వైపు చూడకుండా వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. షాపాయన కొత్త డిస్కు పెట్టి, కంట్రోలర్‌ను తన చొక్కాతో తుడిచి స్నేహితుడి చేతికిచ్చాడు.

మొదట పాత కథ నెమరు వేస్తూ బొమ్మలు వచ్చాయి. రేవు వచ్చింది, ముసలావిడ చేయి చాపింది. కింద మన అక్షరాల్లో ఆవిడ మాటలు వచ్చాయి. టైలరమ్మ చదివింది, "బాబూ, ఓడ ఎక్కే చోటు ఎటు?"

డ్రైవరన్న సీట్లో ముందుకు వంగాడు. "దారి అడుగుతోందా?" అన్నాడు. "వాళ్ళమ్మ కాదా?"

"ఎవరో బాటసారి అని రాసుందన్నా," అంది టైలరమ్మ మెల్లగా.

"జపాన్ మాటలు మనకెలా తెలుస్తాయి, ఊహించి చెప్పాడు, తప్పేముంది," అని షాపాయన అడ్డం వచ్చాడు. డ్రైవరన్న తల ఊపాడు కానీ, మెరుపు వైపు చూడలేదు.

రౌడీలు వచ్చారు. మెరుపు బొటనవేళ్ళు పాత అలవాటు కొద్దీ లేచాయి. తెర ఆగిపోయింది. కర్ర పట్టుకున్న రౌడీ అక్కడే నిలబడి అటూ ఇటూ ఊగుతున్నాడు. మాటలు నాలుగు వరసగా వచ్చాయి. ఇన్నేళ్ళూ దెబ్బ వచ్చేది, దానికి చెయ్యి బదులు చెప్పేది, ఆలోచనకు సందు ఉండేది కాదు. ఇప్పుడు రౌడీ ఆగాడు, గదిలో అందరూ ఆగారు. మెరుపు పైమాట నొక్కాడు.

గొడుగాయన వెనక్కి తిరిగి, గొడుగు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు.

గది గొల్లున నవ్వింది. "మెరుపన్న కంపెనీకి బుద్ధి చెబుతున్నాడు," అన్నారు ఎవరో. రెండో వీధిలో మళ్ళీ రౌడీలు. మళ్ళీ పైమాట, మళ్ళీ పరుగు. ఈసారి సగం మందే నవ్వారు. మూడోసారి, నాలుగోసారి. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ వెన్ను చూపని మనిషి ఆ వానలో బురద చిమ్ముకుంటూ పరిగెడుతూనే ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"అన్నా," అంది టైలరమ్మ. "పైనున్నది పారిపో. కొట్టు దాని కిందుంది."

అప్పుడు చూశాడు మెరుపు. వీడియోలో కొట్టు ఉన్న చోట, మూతి కట్టని సంచిలాంటి ఆ ప ఉంది. అతను చోటును చూశాడే కానీ అక్షరాన్ని చూడలేదు. చెమట కారి కంట్లోకి దిగింది. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు.

"నీకు కళ్ళజోడు ఎక్కడుందిరా?" అన్నాడు షాపాయన యథాలాపంగా. అన్నాక అతని మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. లేచి నిలబడ్డాడు. "అందరూ బేకరీలో టీ తాగి రండి. నా పేరు చెప్పండి," అన్నాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ బయటికి నడిచారు.

షాపాయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "నీకు చదవడం రాదా?"

మెరుపు రాదన్నట్టు తల ఊపాడు.

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీ."

షాపాయనకు కోపం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు చెప్పడానికేం రోగంరా నీకు? నేను నవ్వుతాననుకున్నావా? నా పెళ్ళి పత్రిక ఇస్తే తలకిందులుగా పట్టుకుని బాగుందన్నావు, వేళాకోళం అనుకున్నాను," అన్నాడు. అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. "పోనీలే. రేపట్నుంచి షాపు కట్టేశాక రా. నేను దిద్దిస్తాను. ఎవరికీ చెప్పను."

ఆ చెయ్యి అక్కడే ఉండిపోతే బాగుండునని మెరుపు కోరుకున్నాడు. అంతకంటే పెద్ద కోరిక ఈ జన్మలో అతనికి కలగలేదు. చెయ్యి కాసేపు ఉంది. తర్వాత దాని బరువు తేలికైంది, తర్వాత లేదు. షాపాయన తల పనిబల్ల వైపు తిరిగింది.

అతను లేచి వెళ్ళి రెండు సీసాలూ తెచ్చాడు. లోపల మరలు గలగలమన్నాయి. రెండింటినీ మెరుపు ముందు స్టూలు మీద, చీటీలు ఇటు తిప్పి పెట్టాడు.

"ఆ రోజు మూతలు రెండూ తెల్లవని ఫోన్ చేశావు," అన్నాడు. గొంతు అతనిది కానట్టుంది. "చీటీ చూసి వెయ్యమన్నాను."

షాపాయన స్టూలును ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"అమ్మకి ఏది వేశావు?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. గోటి గాటు సంగతి ఇంకెవరికీ తెలియదు. ఏదో ఒకటి చూపించవచ్చు, గుర్తు లేదనవచ్చు. మెరుపు సీసాల వైపు చూశాడు. ఏడాదిన్నరగా తప్పించుకు తిరిగిన చీటీలు జానెడు దూరంలో ఉన్నాయి. మూల చిరగని చీటీ మీద మొదటి అక్షరం మూతి కట్టని సంచి. వంటగది తలుపు మీద భార్య సున్న చుట్టిన అక్షరమే. ప. పగలు.

మూల చిరిగిన చీటీ మీద ఆ అక్షరం లేదు. ఎక్కడా లేదు. అతను మొత్తం వెతికాడు.

చెయ్యి చాపి ఆ సీసా మీద బొటనవేలు పెట్టాడు. "ఇది," అన్నాడు.

షాపాయన ఆ చీటీ చదివాడు. "దీని మీద ఏముందో నీకు తెలుసా?" అన్నాడు.

"అప్పుడు తెలీదు రా," అన్నాడు మెరుపు. "ఇప్పుడే చదివాను."

బయట టీ తాగి వస్తున్నవాళ్ళ మాటలు దగ్గర పడుతున్నాయి. డ్రైవరన్న ఏదో అంటే టైలరమ్మ నవ్వుతోంది. టీవీలో రౌడీ కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ ఇంకా ఎదురుచూస్తున్నాడు. షాపాయన వంగి, మెరుపు ఒళ్ళోంచి కంట్రోలర్ తీసుకున్నాడు.

"వాళ్ళొచ్చేలోపు వెనక తలుపులోంచి వెళ్ళిపో," అన్నాడు.

మెరుపు లేచాడు. వెనక తలుపు గడియ ఎటు తీయాలో అతనికి గుర్తుంది, దాని మీద కూడా ఎప్పుడో తన గోటితో పెట్టిన గాటు ఉంది.